మెరక చేసుకుంటూ పోతే నీళ్లెక్కడికి పోవాలి?

మా పిన్నివాళ్లు బెజవాడలో పాయకాపురం వైపు ఉంటారు. వాళ్ల వీధిలో ఇప్పుడు ఇళ్లు మూడు ఎత్తుల్లో కనబడతాయి. బాగా పాతవి రోడ్డుకంటే కిందకి ఉంటాయి. గేటు తీసి రెండు మెట్లు దిగితేగాని వరండాలోకి వెళ్లలేం. 2005 బుడమేరు వరద తర్వాత కట్టినవి రోడ్డుకు కాస్త పైన ఉంటాయి. 2024 వరద తర్వాత లేస్తున్నవాటి బేస్‌మట్టం మనిషి నడుం దాకా వస్తోంది. కొత్తగా కట్టుకునే స్తోమత లేని ఒకాయన ఉన్న ఇంటినే జాకీలు పెట్టించి పైకి లేపించుకున్నాడు. వీటి మధ్య ఇరుక్కున్న పాత ఇళ్లలో ఇప్పుడు మామూలు వానకే నీళ్లు నిలుస్తున్నాయి. వరదే రానక్కర్లేదు.

"ఏం చేస్తామే, కాలం మారిపోయింది. ఎవరి కొంప వాళ్లు ఎత్తుకోవాల్సిందే" అంటుంది పిన్ని.

కాలం మారిన మాట నిజమే. నా పేచీ రెండో మాటతో. వాతావరణ మార్పును తట్టుకోవడమంటే ఎవరికి వాళ్లు మెరక చేసుకోవడమే అని మా ఊరు ఒక నిర్ణయానికి వచ్చేసినట్టుంది. డబ్బున్నవాడు నాలుగడుగులు లేపుతాడు, కొద్దిగా ఉన్నవాడు రెండడుగులు లేపుతాడు, ఏమీ లేనివాడి ఇంట్లోకి అందరి నీళ్లూ చేరతాయి. వీధి మొత్తమ్మీద నీళ్లు ఒక్క చెంబు కూడా తగ్గలేదు.

బుడమేరు గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టి, బెజవాడను ఒరుసుకుంటూ వెళ్లి కొల్లేట్లో కలిసే వాగు ఇది. ఏడాదిలో చాలా రోజులు దాన్ని చూస్తే మురుగు కాలవ అనే అనుకుంటారు. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, కంపు. పెద్దవాన పడ్డప్పుడే ఇది వాగని ఊరికి గుర్తొస్తుంది. ఊరిని కాపాడాలని వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడినుంచి నీళ్లను పక్కకు మళ్లించి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే డైవర్షన్ చానల్ తవ్వారు. దాని సామర్థ్యం 15 వేల క్యూసెక్కులు. (ఆ దారిలోనే ఇబ్రహీంపట్నంలో బొగ్గుతో నడిచే థర్మల్ పవర్ స్టేషన్ ఉంది. వాతావరణ మార్పుకి కారణమూ ఫలితమూ ఒకే చోట చూడాలనుకునేవాళ్లు ఆ చానల్ గట్టు మీద కాసేపు నిలబడితే చాలు.)

2024 ఆగస్టు 31 శనివారం. కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం వల్ల బెజవాడలో ఒక్క రోజులోనే పాతిక సెంటీమీటర్లకు పైగా కురిసింది. మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. ఆ పూట ఊరందరి చూపూ కొండల మీదా, కృష్ణ మీదా ఉంది. వెనకనుంచి బుడమేరు వస్తోందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. చానల్ పట్టగలిగినదానికి రెట్టింపు పైచిలుకు నీళ్లు వచ్చాయి. కృష్ణ కూడా పొంగి ఉండటంతో చానల్ నీళ్లు నదిలోకి దిగలేక వెనక్కి తన్నాయి. కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వెలగలేరు గేట్లెత్తారు, నీళ్లు ఊరి వైపు వచ్చాయి. ఆదివారం తెల్లారేసరికి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, వాంబే కాలనీ, జక్కంపూడి కాలనీ, ఒకటా రెండా, నగరంలో 64 డివిజన్లుంటే 32 నీళ్లలో ఉన్నాయి. సోమవారం ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చి 2009 అక్టోబరు నాటి రికార్డు పోయింది. గండ్లు పూడ్చడానికి సైన్యాన్ని పిలవాల్సొచ్చింది.

అదే ఆదివారం ఖమ్మంలో మున్నేరు ఊళ్లోకి వచ్చింది. మున్నేరు కలిసేదీ కృష్ణలోనే, అదీ బ్యారేజీకి పైనే. మహబూబాబాద్ జిల్లాలో రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. రాష్ట్రాలు రెండైనా వాన ఒక్కటే.

ఇందులో వాతావరణ మార్పు వాటా ఎంత? ఒక్క వానను పట్టుకుని ఇది ఫలానా దానివల్లే అని తేల్చడం తేలిక కాదు. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను మోయగలదన్నది భౌతికశాస్త్రం. పుణెలోని ఐఐటీఎం అనే వాతావరణ పరిశోధన సంస్థలో పనిచేసే రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1950 నుంచి 2015 వరకు చూస్తే మధ్య భారతంలో ఒకేసారి పెద్ద ప్రాంతాన్ని ముంచెత్తే అతిభారీ వానలు మూడు రెట్లయ్యాయి. అదే కాలంలో మొత్తం రుతుపవన వర్షం పెరగలేదు, తగ్గింది. దీన్ని మా ఊరి పెద్దవయసు రైతులు ఇంకో రకంగా చెబుతారు: ఇప్పుడు ముసురు పట్టడం లేదంటారు. మూడు నాలుగు రోజులపాటు సన్నగా, ఆగకుండా పడి నేలలోకి ఇంకే వాన పోయింది. పడితే ఒకటే దంచుడు, లేకపోతే ఎండ.

ఇంతవరకు వాతావరణం లెక్క. అయితే గాలిలో ఏడు శాతం తేమ పెరిగినంత మాత్రాన ఊరు సగం మునగదు. మిగతా లెక్క నేల మీద ఉంది.

వాగుకి నడిచే దారి ఒకటుంటుంది, పొంగినప్పుడు పరుచుకునే దారి ఒకటుంటుంది. రెండోది ఏళ్ల తరబడి ఖాళీగా కనబడుతుంది కాబట్టి మనకు అది ఊరికే పడున్న స్థలంలా అనిపిస్తుంది. దాన్ని ప్లాట్లు వేశాం, రోడ్లు వేశాం, మట్టి తోలాం. ఇప్పుడు వానలు బలిసి, ఆ పరుచుకునే చోటే ఇంకాస్త ఎక్కువ కావాల్సిన రోజులొచ్చాయి. ఆపదకని దాచిన డబ్బు పెళ్లిపందిళ్లకు ఖర్చుపెట్టేసి, తీరా ఆస్పత్రిలో చేరినప్పుడు జబ్బును తిట్టుకున్నట్టుంది మన వ్యవహారం. "ఇంత వాన ఎవరూ ఊహించలేదు" అన్న మాట 2005లోనూ విన్నాం, 2024లోనూ విన్నాం. వాతావరణ మార్పు అనేది అధికారులకు, నాయకులకు, మనక్కూడా చాలా సౌకర్యమైన సాకుగా తయారవుతోందని నా అనుమానం. ఆకాశాన్ని ఎవరు సస్పెండ్ చేస్తారు?

దీనికి ఎదురుగా ఇంకో వాదం ఉంది. అంతా ఆక్రమణల వల్లే, కూల్చేస్తే సరి అంటారు. వరద తర్వాత ప్రభుత్వం ఆపరేషన్ బుడమేరు ప్రకటించినప్పుడు మా అపార్ట్‌మెంట్లో చాలామంది చప్పట్లు కొట్టినంత పనిచేశారు. నాకు ఆ ఉత్సాహం రాలేదు. వాంబే కాలనీ పేరే చూడండి. వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వం కట్టించి ఇచ్చిన ఇళ్లవి. జక్కంపూడి కాలనీ జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే ఇంకో కేంద్ర పథకం కింద కట్టిన ఇళ్లు. ఈ జనం ఎవరి స్థలమో కబ్జా చేసి వచ్చినవాళ్లు కాదు. పల్లంలో నేల చవక కాబట్టి ప్రభుత్వమే తీసుకెళ్లి అక్కడ పెట్టింది. తాళాలు చేతికిచ్చేటప్పుడు ఫొటోలు కూడా దిగారు. మరి కూల్చాల్సి వస్తే మొదట కూలేది ఎవరి ఇల్లు? మట్టి తోలి వాగు గట్టును మింగిన వెంచర్ ఆఫీసా, లేక రేకుల షెడ్డా? ఈ ప్రశ్నకు జవాబు రానంతవరకు కూల్చివేతల పేరుతో జరిగేది ఇంకో రకం మెరక పనే.

నలుగురూ కలిసి చేసుకున్న పని ఫలిస్తుందనడానికీ మా ఊళ్లోనే సాక్ష్యం ఉంది. కృష్ణలంక. కృష్ణకు పెద్ద వరదొస్తే మొదట మునిగే పేట అది. నది వెంబడి రిటైనింగ్ వాల్ కట్టాక, బ్యారేజీ చరిత్రలోనే అతిపెద్ద వరద వచ్చిన ఆ సోమవారం కృష్ణలంక నిలబడింది. ఆ గోడ ఏ ఒక్కరి ఇంటినో ఎత్తుకు లేపలేదు, పేట మొత్తాన్ని కాసింది. (దాని క్రెడిట్ ఎవరిదని పార్టీలు ఇప్పటికీ కొట్టుకుంటున్నాయి. కొట్టుకోనీండి, గోడైతే ఉంది.) అదే ఊళ్లో వాననీటి కాలవల కోసం కేంద్రం నాలుగొందల అరవై కోట్ల దాకా ఇచ్చిన పని మాత్రం సగంలో ఆగి ఏళ్లు గడిచాయి. గోడలా అది కంటికి కనబడదు. భూమి లోపల ఉండే కాలవ ముందు నిలబడి ఫొటో దిగడం కష్టం.

ఇప్పుడు నీళ్లు పోయే వైపు చూద్దాం. సింగ్ నగర్‌లో నీళ్లు దిగడానికి రోజులకు రోజులు పట్టింది. ఎందుకంటే బుడమేరు నీళ్లు కొల్లేటికి చేరాలి, కొల్లేరు నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోవాలి. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఐదో కాంటూరు లోపల, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపల, చేపల చెరువులు ఉండకూడదన్నారు. 2005-06లో యంత్రాలు పెట్టి చెరువుల గట్లు కొట్టారు. తర్వాత మళ్లీ గట్లు లేచాయి. ఒక్కో చెరువు గట్టూ ఒక మెరకే. గట్టు లోపలి చేప క్షేమంగా ఉంటుంది, బయట వరద ఎత్తు పెరుగుతుంది. ఉప్పుటేరు చూస్తే పూడిక, గుర్రపుడెక్క. దాని చివర సముద్రం కూడా మునుపటి చోట లేదు. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్క. జానెడు నీళ్లే కదా అనిపిస్తుంది. కానీ డెల్టాలో నేల వాలు ఎంత తక్కువంటే, ఆ జానెడే లోపలి నీళ్లను బయటికి పోనీకుండా నిలబెట్టేస్తుంది. ఆటు మీదున్నప్పుడు దిగే నీళ్లు పోటు వచ్చేసరికి ఆగిపోతాయి. కాబట్టి పాయకాపురంలో మా పిన్ని వంటింట్లో నీళ్లు ఎప్పుడు తగ్గుతాయో తేల్చే విషయాల్లో కొల్లేటి పక్క కైకలూరు చేపల చెరువులున్నాయి, బంగాళాఖాతంలో పోటు వేళలున్నాయి. ఆమె తన బేస్‌మట్టం ఎంత లేపినా వీటిలో ఒక్కటీ మారదు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. పల్లం ఎక్కడుందో నీటికి తెలిసినంతగా మనమూ తెలుసుకోవాలి. మనకు తెలిసింది ప్లాటు రేటు మాత్రమే.

"ఇవన్నీ ప్రభుత్వాలు చేయాల్సినవి, మామూలు జనం ఏం చేస్తారు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దీనికి సాధారణంగా వచ్చే జవాబులు నాకు చిరాకు తెప్పిస్తాయి. మొక్కలు నాటండి, గుడ్డ సంచి వాడండి, ఇంకుడు గుంత తవ్వించండి. మంచివే, చేయండి. కానీ ఇంకుడు గుంత మామూలు వానకు పనిచేస్తుంది, ఒక్క రోజులో పాతిక సెంటీమీటర్లు పడితే అదే ముందు మునుగుతుంది. గుడ్డ సంచి వల్ల డ్రెయిన్‌లో ప్లాస్టిక్ కాస్త తగ్గుతుందేమోగాని బుడమేరు గండి పూడదు.

తెలుగు తీరం ఒక పని నేర్చుకుని చూపించింది, దాన్నుంచి మొదలుపెడదాం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేల మంది ప్రాణాలు పోయాయని అంచనా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ నగరం మీదే విరుచుకుపడింది. ఆస్తి నష్టం ఘోరం, ప్రాణనష్టం వందలోపు. మధ్యలో తుపాను బలహీనపడిందా? లేదు. షెల్టర్లు కట్టారు, ముందే ఖాళీ చేయించడం అలవాటైంది, అన్నిటికంటే ముఖ్యంగా తీరంలో చదువురాని ముసలమ్మక్కూడా ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే ఏం చేయాలో తెలిసింది. కృష్ణకూ అలాంటి లెక్కే ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. లంక గ్రామాలవాళ్లు ఆ మాట వినగానే గేదెలను తోలుకుని కరకట్ట ఎక్కుతారు. బుడమేరు విషయంలో ఆ ఆదివారం తెల్లవారుజామున సింగ్ నగర్ జనానికి ఏ నంబరూ వినపడలేదు. నీళ్లు మంచం కోళ్లను తాకినప్పుడు లేచారు.

అందుకని నా దృష్టిలో కాలనీవాళ్లు కలిసి అడగాల్సిన మొదటి విషయం ఇదే: వెలగలేరు దగ్గర నీళ్లు ఎంతకొస్తే మా వీధికి ఎన్ని గంటల్లో చేరతాయి? అది గోడ మీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి. వార్డు సచివాలయం గోడ మీద, స్కూలు గోడ మీద, గుడి దగ్గర, మసీదు దగ్గర. దీనికి కోట్లు అక్కర్లేదు. 2024లో నీళ్లు ఎంతెత్తు వచ్చాయో ప్రతి వీధిలో ఒక కరెంటు స్తంభానికి రంగుతో గీత గీసినా చాలు. చాలా ఇళ్ల గోడల మీద ఆ మరక ఇప్పటికీ ఉంది, సున్నం కొట్టేలోపు కొలిచి రాసుకోవాలి. కొలత లేకపోతే పదేళ్ల తర్వాత వచ్చేవాడికి ఇది మంచి ఏరియా అని చెప్పి అమ్మేస్తారు.

రెండోది రోడ్లు. ప్రతిసారీ పాత రోడ్డు మీదే ఇంకో పొర వేసుకుంటూ పోవడం వల్ల ఇళ్లు కిందకి దిగిపోయాయి. పాత పొర గీకేసి అదే మట్టానికి వేయమని పిన్నివాళ్ల వీధివాళ్లు అర్జీ ఇచ్చారు. ఎస్టిమేట్‌లో లేదన్నారు. తర్వాతి ఎస్టిమేట్‌లో పెట్టమని మళ్లీ ఇచ్చారు. జాకీలతో ఇల్లు లేపించుకున్నాయన కూడా సంతకం పెట్టాడని విని నాకు సంతోషమేసింది.

ఇక వరద వచ్చిన గంటల్లో ఏం జరిగిందో పిన్ని చెప్పినవాటిలో నన్ను బాగా పట్టుకున్నది డాబా తాళం సంగతి. పక్క బిల్డింగులో కింద అద్దెకుండేవాళ్లు పైకి ఎక్కుదామంటే డాబా తలుపుకు తాళం. ఓనర్లు వేరే ఊళ్లో ఉంటారు. చీకట్లో, మోకాలి లోతు నీళ్లలో, ముసలాయన్ని పట్టుకుని ఆ తాళం పగలగొట్టుకోవాల్సి వచ్చింది. ఎన్ని వేల డాబాలకు ఇలా తాళాలున్నాయో. వానాకాలం మొదలయ్యేలోపు ప్రతి బిల్డింగులో ఒక తాళంచెవి కింది ఫ్లోర్‌వాళ్ల దగ్గర ఉండాలని కాలనీ సంఘం ఒక తీర్మానం చేస్తే ఖర్చు సున్నా.

అలాగే వీధిలో మంచం మీదున్నవాళ్లు ఎవరు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఎవరు, నెలలు నిండినవాళ్లెవరు, వాళ్లను ఎవరి మేడ మీదకు చేర్చాలి అన్నది ముందే మాట్లాడుకుని ఉండాలి. ఆ రోజుల్లో పడవలు మెయిన్ రోడ్డు దాటి లోపలి సందుల్లోకి రాలేదు. అన్నం పొట్లాలు డ్రోన్లతో వేశారని టీవీలో చూశాం కానీ చివరి సందులోవాళ్లు మెడలోతు నీళ్లలో నడిచొచ్చి తెచ్చుకున్నారు. ఆడవాళ్లు బాత్రూములు లేక నీళ్లు తాగడమే తగ్గించేశారు. సెప్టిక్ ట్యాంకులు పొంగి అదే నీళ్లలో కలిశాయి. ఈ సంగతి ఎవరూ రాయరు, అందుకే రాస్తున్నాను. మేడ మీదున్న ఒక్క బాత్రూము నలభై మందికి సరిపోవాలంటే ఎవరెప్పుడు వాడాలన్నది కూడా ప్లానులో భాగమే.

డబ్బు విషయాలు రెండు. వరద తర్వాత ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ కుటుంబాలకు 25 వేలు, పైఅంతస్తులవాళ్లకు 10 వేలు ఇచ్చింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు, పిల్లల పుస్తకాలు, బైకు అన్నీ పోయిన ఇంటికి పాతికవేలు ఏ మూలకి? 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు అమ్ముతున్న భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ ఒకటుంది, వరద నష్టం అందులో ఉంటుంది. అద్దెకుండేవాళ్లు ఇల్లు వదిలేసి సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. మా బంధువుల్లో దీని పేరు విన్నవాళ్లే లేరు. ఎల్ఐసీ ఏజెంటు తెలియని తెలుగు ఇల్లు ఉండదు, ఇంటికి బీమా ఉన్న ఇల్లు వెతికినా దొరకదు. బండ్ల సంగతీ అంతే. థర్డ్ పార్టీ మాత్రమే కట్టేవాళ్లకు వరదలో పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు కూడా నీళ్లు తగ్గాయి కదా అని బండి స్టార్ట్ చేస్తే ఇంజిన్లోకి నీళ్లు లాగి అది బిగుసుకుపోతుంది. ఆ నష్టం నీ చేతులారా చేసుకున్నదేనని క్లెయిమ్‌కు పేచీ పెడతారు. తోసుకుంటూ మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాలి, అంతే.

మీటరు బోర్డు, మోటారు స్టార్టరు, సంపు మూత, ఇవి మాత్రం ఎవరికి వాళ్లు ఎత్తుకోవాల్సినవే. వీటిని లేపితే పక్కింటి మీదకు నీళ్లు పోవు. ఎవరి మీదా నీళ్లు తోయని మెరక ఏదైనా నాకు సమ్మతమే.

ఇదే తంతు ఎండాకాలంలోనూ నడుస్తుంది. మా ఊరిని బ్లేజ్‌వాడ అని వెక్కిరించేది ఊరికే కాదు. ఏసీ పెట్టుకున్న గది చల్లబడుతుంది, దాని వేడి సందులోకి పోతుంది, సందుకు అవతల రేకుల ఇంట్లో ఉన్నవాళ్లు ఆ వేడి కూడా భరించాలి. 2015 వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లు, ముసలివాళ్లు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. స్లాబు మీద తెల్లటి పూత వేస్తే కింద గది చల్లబడుతుంది, ఎవరి మీదకీ వేడి పోదు. మా అపార్ట్‌మెంట్లో వేయిద్దామంటే పైఅంతస్తువాళ్లే పెట్టుకోవాలన్నారు. వాచ్‌మన్ గది పైకప్పుకు ఎవరు పెట్టుకోవాలో ఎవరూ చెప్పలేదు. దీని గురించి ఇంకెప్పుడైనా విడిగా రాస్తాను.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. అందరూ కలిసి అడిగేలోపు, కాలవలు వెడల్పయ్యేలోపు ఇంకో వరద వస్తే? అప్పటిదాకా నా పిల్లల్ని నీళ్లలో పెట్టి సామూహిక చర్య అని కూర్చోమంటావా అని పిన్ని కొడుకే అడిగాడు. కూర్చోమనను. లేపుకునే స్తోమత ఉంటే లేపుకో. కానీ లేపుకున్న రోజునుంచి అర్జీ మీద సంతకం పెట్టడం మానేస్తావే, నా భయం అక్కడ. ఒక వీధిలో నోరున్నవాళ్లు, ఆఫీసుల్లో తెలిసినవాళ్లున్నవాళ్లు ముందు మెరక ఎక్కేస్తారు. ఎక్కాక వాళ్లకు డ్రెయిన్ సమస్య కాకుండా పోతుంది. పల్లంలో మిగిలినవాళ్ల గొంతు అప్పటికే చిన్నది, ఇంకా చిన్నదవుతుంది. ఇళ్లు ఎత్తుకుని కూడా మీటింగుకొచ్చే వీధులు బాగుపడతాయి. లేపుకుని తలుపులేసుకునే వీధుల్లో తర్వాతి వరదకు ఇంకో రెండడుగులు లేపుకోవాలి, ఎందుకంటే ఈలోపు పక్కవాడు కూడా లేపుకుని ఉంటాడు.

అమెరికాలో ఉండే మా బావ మొన్న ఊరి శివార్లలో ప్లాటు చూశానని ఫోన్ చేశాడు. డల్లాస్‌లో కూర్చుని గూగుల్ మ్యాప్‌లో చూసి, ఏజెంటు పంపిన వీడియో చూసి, అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధమైపోయాడు. "కొంచెం పల్లంలా ఉందట, నాలుగడుగులు మట్టి తోలిస్తే సరిపోతుందన్నాడు" అన్నాడు. బావా, మట్టి సంగతి తర్వాత, ముందు గ్రామపటంలో ఆ పక్కన వాగు పోరంబోకు ఉందేమో చూపించమను, 2024 సెప్టెంబరు మొదటివారంలో ఆ స్థలం ఫొటో ఎవరి దగ్గరైనా ఉందేమో అడుగు, ఎదురుగా టీకొట్టతన్ని నీళ్లెంతవరకు వచ్చాయో కనుక్కోమని మీ నాన్నను పంపు, లేఅవుట్లో పడ్డ వాన ఏ కాలవలోకి పోతుందో వెంచర్‌వాళ్లను కాగితం మీద రాసిమ్మను అని చెప్పాను.

మావయ్య వెళ్లొచ్చాడు. టీకొట్టతను నడుం చూపించాడట. వెంచర్‌వాళ్లు కాలవ సంగతి ఇంకా రాసివ్వలేదు. మట్టి లారీ ఎంతకు పడుతుందో మాత్రం ఆ సాయంత్రమే వాట్సాప్‌లో పెట్టారు.